చింతపండు నీళ్లూ, ఏడు గ్రాఫిక్స్ కార్డులూ

నేను ఉద్యోగ విరమణ చేసేనాటికి నా వయసు ముప్పై ఒకటి. ఎవరూ శాలువా కప్పలేదు, సన్మానపత్రం చదవలేదు. అనంతపురంలో మా కంప్యూటర్ల అంగడికి చివరిసారి షట్టర్ దించేటప్పుడు మా ఓనరు నా చేతిలో ఒక స్క్రూడ్రైవర్ పెట్టి, "ఇది నీదే గదా, తీస్కపో" అన్నాడు. అది నాది కాదు. అయినా వద్దనలేదు, పెన్షన్ ఇస్తుంటే ఎవరైనా వద్దంటారా?

ల్యాప్‌టాపులు వచ్చి మా వృత్తిని మింగేశాయి. అంతకు ముందు, రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు, విడిభాగాలు తెచ్చి కంప్యూటర్ బిగించగలిగేవాడంటే జిల్లాలో ఒక మర్యాద ఉండేది. పెళ్లికి పోతే భోజనం తర్వాత పక్కకు పిలిచి, మా వాడి మిషన్ కొంచెం చూడప్పా అనేవాళ్లు. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు నలభై వీడియోలు చూసి, నలభై ఒకటోది చూసి మనసు మార్చుకునే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేము ఒక్క వీడియో కూడా చూడకుండానే తప్పులు చేశాం. కష్టపడి చేశాం.

గ్రాఫిక్స్ కార్డు గురించి అప్పట్లో మేం కొనేవాళ్లకు ఇలా చెప్పేవాళ్లం. ఆటలో కనిపించే బొమ్మలన్నీ గీసిపెట్టడానికి కంప్యూటర్ లోపల ప్రత్యేకంగా ఒక పనివాడు ఉంటాడు. వాడే ఈ కార్డు. పని ఎక్కువైతే వాడికి ఒళ్లు కాలుతుంది. వేడి దిగడానికి వాడి నెత్తిన సన్నటి రెక్కలున్న అల్యూమినియం దిమ్మె ఒకటి, దాని మీద చిన్న ఫ్యాను ఒకటి. శాస్త్రం ఇంతే. మిగతాదంతా అట్టపెట్టె మీద బొమ్మ. నేను మునిగింది ఆ బొమ్మలోనే.

ఒకరోజు తాడిపత్రి నుంచి ఒకాయన మా అంగడికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. పదహైదేళ్లు బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పని చేశాడు. నాపరాయి కోసి, నున్నగా చేసి లారీలకెత్తే ఫ్యాక్టరీలు ఆ ఊళ్లో వీధికొకటి ఉంటాయి. ఆ రాతిపొడి ఆయన ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. మాటకు ముందు దగ్గు, మాట తర్వాత దగ్గు. ఇక పొడి దగ్గరికి పోతే నా దగ్గరికి రావద్దని డాక్టరు తేల్చి చెప్పాడట. ఆయన భార్య కూడా అదే ఫ్యాక్టరీలో బండలు మోసేది. కానీ ఆమె మూతికి పాత చీర ముక్క బిగించి కట్టుకునేది కాబట్టి ఆమెకు దగ్గు లేదు. మరి నువ్వెందుకు కట్టుకోలేదన్నా అని అడిగితే, బీడీకి అడ్డమని చెప్పాడు.

ఆయన బస్టాండు పక్కన ఒక గది తీసుకుని, ఎనిమిది కంప్యూటర్లతో గేముల సెంటర్ పెట్టాలనుకున్నాడు. "మా పిల్లోళ్లు ఆడుకునేదానికి అనంతపురం దాకా పోతాండారు తమ్ముడూ. ఈడే పెడితే ఆడికేంటికి పోతారు?" అన్నాడు. ఫ్యాక్టరీ మేస్త్రీ మంచివాడు. రెండు నెలలు నీ జాగా ఎవరికీ ఇవ్వను, గేములు నడవకపోతే వచ్చి మళ్లీ మిషన్ పట్టుకో అని మాట ఇచ్చాడట. అంటే గేములు నడిస్తే ఆయనకు గాలి, నడవకపోతే మళ్లీ పొడి. ఇంత పెద్ద విషయాన్ని నా చేతిలో పెడుతున్నాడని నాకు తట్టలేదు. అప్పుడు నా వయసు ఇరవై మూడు. ఆ వయసులో నాకు తట్టిన విషయాలను వేళ్ల మీద లెక్కపెడితే వేళ్లు మిగులుతాయి.

మా ఓనరు పూర్వాశ్రమంలో రేడియో మెకానిక్కు. ఎండాకాలం దృష్ట్యా అసలు ఫ్యానే లేని కార్డులు తీసుకొమ్మన్నాడు. వాటికి ఫ్యాను బదులు పెద్ద రెక్కల దిమ్మె ఉంటుంది. బొమ్మలు కొంచెం నిదానంగా గీస్తాయి, అంతే. "రేయ్, తిరిగేదేదైనా ఒకనాటికి నిలబడుతుంది. తిరగనిదాన్ని తీస్కో" అన్నాడు. నాకు అది ముసలితనపు మాటలా వినిపించింది. ఫ్యాను లేని కార్డు, చట్నీ లేని ఇడ్లీ రెండూ ఒకటేనని వాదించాను. పైగా బెంగళూరులో నేను చూసి వచ్చిన కార్డు పెట్టె మీద, ఇనుప కవచం తొడుక్కుని కత్తి ఎత్తిన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆమె కళ్లలోకి చూశాక ఇంకో కార్డు గురించి ఆలోచించడం నమ్మకద్రోహం అనిపించింది. సరే నీ బేరం, నీ పాట్లు అన్నాడు ఓనరు.

బెంగళూరు అంగట్లో కత్తి ఆమె పెట్టెలు ఏడే ఉన్నాయి. ఎనిమిదోదానికి ఇష్టం లేకుండానే ఫ్యాను లేనిది ఒకటి తెచ్చాను. దాన్ని సెంటర్‌లో మూలకు, గోడ పక్కన ఉన్న మిషన్‌లో బిగించాను. పెళ్లిలో పిలవని చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు.

సెంటర్ మార్చిలో తెరిచారు. రెండు వారాలు పండగే. ఏప్రిల్ వచ్చింది. మా జిల్లా ఏప్రిల్ గురించి తెలియనివాళ్లకు ఏం చెప్పాలి? కోడి పెట్టిన గుడ్డు నేరుగా ఆమ్లెట్ అవుతుందని చెప్తే అతిశయోక్తి, సగం ఉడుకుతుంది. రేకుల పైకప్పు కింద ఎనిమిది కంప్యూటర్లు, పదహారు మంది పిల్లలు. కార్డులు కాగిపోవడం మొదలైంది. తుపాకీ ఆటలో శత్రు సైనికుల మొహాలు పచ్చటి గడులుగా మారేవి. అది కొత్త లెవెల్ అనుకుని పిల్లలు రెండు రోజులు సంబరపడ్డారు. మూడో రోజు తెర మొత్తం గడులైంది.

నేను వెళ్లి చూశాను. కార్డు వేడి తొంభై డిగ్రీలు దాటుతోంది. పరిష్కారం నాకు వెంటనే దొరికింది. ఇప్పుడు తలచుకుంటే, వెంటనే దొరికిన పరిష్కారాలన్నింటినీ మళ్లీ అక్కడే పెట్టేసి రావాలనిపిస్తుంది. మా వైపు గాలిలో తేమ ఉండదు కాబట్టి నీళ్ల కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది: ఇనుప పెట్టె, మూడు వైపులా గడ్డి తడికెలు, కింద తొట్టిలో నీళ్లు, ముందు పెద్ద ఫ్యాను. అలాంటిది ఒకటి తెప్పించి, కంప్యూటర్ల పక్క రేకులన్నీ ఊడదీసి, కార్డులకు నేరుగా గాలి కొట్టేటట్టు పెట్టించాను. గంటలో వేడి అరవై ఐదుకు దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తాడిపత్రి అన్న నాకు మరమరాల ఉగ్గాని, బజ్జీ తెప్పించాడు.

బజ్జీ నములుతుండగా అన్న ఒక ప్రశ్న అడిగాడు. కొళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది, ఈ తొట్టికి రోజూ నాలుగు బిందెలు కావాలి, ఎట్లా అని. నేను నోరు నిండా బజ్జీతో, "ఏ నీళ్లైనా పోయన్నా. కంప్యూటర్లేమన్నా తాగుతాయా?" అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో నేనిచ్చిన సలహాలన్నింట్లో అక్షరం పొల్లుపోకుండా పాటించబడింది ఇదొక్కటే.

పది రోజుల తర్వాత, శనివారం మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. దగ్గు వినగానే ఎవరో తెలిసిపోయింది. పొద్దున రెండు మిషన్లు ఆగిపోయాయి, ఇప్పుడు ఇంకో మూడు. రేపు మూడు గంటలకు మ్యాచ్ ఉంది. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నలుగురు వచ్చి తాడిపత్రి పిల్లలు నలుగురితో ఆడతారు. జిల్లాలో ఇలాంటిది ఎవరూ పెట్టలేదు. ఇది బాగా జరిగితే ప్రతి ఆదివారం వస్తామని కాలేజీవాళ్లు అన్నారు. ఆగిపోతే ఊళ్లో పిల్లలు కూడా రారు. పైగా ఎల్లుండి సోమవారంతో, ఫ్యాక్టరీ మానేసినప్పుడు మేస్త్రీ ఇచ్చిన రెండు నెలలూ అయిపోతాయి.

"మళ్లా బండల మిషన్ కాడికే పోవాల్సొస్తాదేమో తమ్ముడూ" అన్నాడు. ఏడుస్తున్నట్టు కాదు, వర్షం రాదేమో అన్నట్టు. మా జిల్లాలో రెండూ ఒకే గొంతుతో చెప్తారు.

ఆదివారం మొదటి బస్సు పట్టుకుని ఎనిమిదింటికి తాడిపత్రిలో దిగాను. సంచిలో స్క్రూడ్రైవర్లు, చిన్న బ్రష్షు, కార్డుకూ దిమ్మెకూ మధ్య పూసే తెల్ల పేస్టు సగం ట్యూబు. మొదటి కార్డు ఊడదీసి చూశాను. కొంతసేపు అది ఏమిటో నాకు తెలియలేదు. రెక్కల మధ్య సందులు లేవు. ఫ్యాను లేదు, ఫ్యాను ఆకారంలో ఒక శిల్పం ఉంది. బూడిద రంగులో, నున్నగా, గోటితో కొడితే టంగుమంటోంది.

రాయి. గ్రాఫిక్స్ కార్డు మీద రాయి మొలిచింది.

అన్నా, ఏ నీళ్లు పోశావు అని అడిగాను. ఇంట్లో తాగే నీళ్లు మిషన్లకిస్తానంటే భార్య బిందె లాక్కుందట. అందుకని రోజూ పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లి, బండలు పాలిష్ చేసిన నీళ్లు పోయి నిలిచే గుంతలోంచి రెండు డ్రమ్ములు ముంచుకుని తెచ్చేవాడట. "పైకి తేటగనే ఉండె తమ్ముడూ. ఏ నీళ్లైనా పర్వాలేదంటివి గదా" అన్నాడు. కూలర్ తొట్టిలోకి చూశాను. అడుగున జానెడు రాతిగుజ్జు. ఆ గుజ్జునీళ్లను కూలర్ సన్నటి తుంపర చేసి కార్డుల మీద చల్లింది. కార్డు ఫ్యాను దాన్ని ఆప్యాయంగా లోపలికి పీల్చుకుంది. వేడికి అది గట్టిపడింది. పదహైదేళ్లు ఆయన ఊపిరితిత్తులు చేసిన పనిని నా కార్డులు పది రోజుల్లో పూర్తి చేశాయి. వేగవంతమైన కార్డులని అమ్మేటప్పుడే చెప్పాను కదా.

మూలనున్న ఎనిమిదో మిషన్ మాత్రం నడుస్తోంది. దాని మీదా పొడి పడింది గానీ, పీల్చుకునే ఫ్యాను లేదు, రెక్కలు దూరం దూరం. బ్రష్షుతో విదిలిస్తే రాలిపోయింది. మా ఓనరు మొహం కళ్లముందు మెదిలింది. బ్రష్షుతో దాన్నీ విదిలించాను.

స్క్రూడ్రైవర్ మొనతో రాయిని గీకబోయాను. రెక్క విరిగింది. ఇంకోటి గీకాను. అదీ విరిగింది. అప్పుడే అక్క వచ్చింది, అన్న భార్య. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. గడపలో నిలబడి మా ఇద్దరినీ, బల్ల మీద శిల్పాలనీ చూసింది. కార్డు ఒకటి చేతిలోకి తీసుకుని, గోటితో గీరి, వాసన చూసింది.

"ఇది మా గుంత నీళ్లే గదా" అంది. తర్వాత నావైపు తిరిగి, "ఏమప్పా, చదువుకున్నోడివి. మేం మనుషులం, మూతికి గుడ్డ కట్టుకోని ఆడ నిలబడతాం. దీనికి గుడ్డ లేకపాయె, పైగా నీళ్లల్ల కలిపి తాపిస్తిరి. సావకుంటే ఏం జేస్తాది?"

నేను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాను.

అక్క ఇంటికి వెళ్లి అల్యూమినియం గిన్నె, ఒక చింతపండు ముద్ద పట్టుకొచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక చెంబులకు, క్యారియర్లకు పట్టిన రాతిచారలు వదలాలంటే చింతపండుతోనే తోముతారట. పులుపు తగిలితే ఆ రాయి కరుగుతుంది, ఇరవై ఏళ్లుగా చూస్తున్నా అంది. కార్డు మొత్తం గిన్నెలో వేయబోతుంటే ఆపాను. దిమ్మె వేరు, కార్డు వేరు. స్క్రూలు తీసి దిమ్మెలు మాత్రమే ఇస్తానన్నాను. అయినా భయం. ఎందుకైనా మంచిదని ఓనరుకు ఫోన్ చేసి, చింతపండు రసంలో వేయొచ్చా అని అడిగాను.

"ఏం కూర?" అన్నాడు.

కూర కాదు, కార్డు మీది దిమ్మె, హీట్‌సింకు అని చెప్పాను. ఎక్కువసేపు నాననీకు, మంచినీళ్లతో కడిగి ఎండబెట్టు అని చెప్పి పెట్టేశాడు. నేను తెలుసుకున్నదేమంటే, నిజమైన నిపుణుడు ఆశ్చర్యపోడు. కనీసం ఫోన్లో.

ఏడు దిమ్మెలూ గిన్నెలో పడ్డాయి. అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని, చింతపండు పిసికి పిసికి పోసింది. సన్నగా బుడగలు లేచాయి. పది నిమిషాలకు అంచుల దగ్గర రాయి పెరుగులా మెత్తబడింది. నేను టూత్‌బ్రష్షుతో రుద్దుతుంటే, అన్న పక్కన కూర్చుని దగ్గుతూ రెక్కలు వేరు చేస్తుంటే, అక్క మా ఇద్దరికీ ఎక్కడ తోమలేదో చూపించింది. పదిన్నరకు ఏడు దిమ్మెలూ కొత్త చెంబుల్లా మెరుస్తున్నాయి. కడిగి, గది ముందరున్న నల్లబండల మీద ఆరబెట్టాం. దారిన పోయే ముసలావిడ ఒకామె వంగి చూసి, ఇవేం వడియాలే అని అడిగింది. అక్క ఏమాత్రం తడబడకుండా, బెంగళూరు వడియాలవ్వా అని చెప్పింది. ముసలావిడ తల ఊపి వెళ్లిపోయింది.

చిన్న ఫ్యానుల కథ అంత సాఫీగా జరగలేదు. కుట్టుమిషన్ నూనె చుక్క వేసి తిప్పితే నాలుగు బతికాయి, మూడు పోయాయి. సగం ట్యూబు పేస్టును ఏడు కార్డులకు సరిపెట్టాలి కాబట్టి, ఒక్కో దానికి నుదుట బొట్టంత పెట్టాను. కూలర్ తొట్టి ఖాళీ చేసి, తడికెలు పీకేసి, ఉత్త ఫ్యానుగా వాడుకున్నాం. అక్క తన పాత వాయిల్ చీర చింపి కిటికీకి, కూలర్ మూతికి, రేకులు ఊడదీసిన కంప్యూటర్ల పక్కలకు కట్టింది, ఫ్యాక్టరీలో మూతికి కట్టుకునే ముడే. ఫ్యాను చచ్చిన మూడు కార్డులకు పక్కిళ్ల నుంచి మూడు టేబుల్ ఫ్యాన్లు వచ్చాయి. వాటితో పాటు వాటి యజమానులు కూడా వచ్చారు, ఫ్యాన్లు లేని ఇంట్లో ఉండలేమని.

చివరగా ఆటలోకి వెళ్లి, కార్డుకు పని తగ్గించడానికి నీడలన్నీ తీసేశాను. చెట్లకు నీడ లేదు, గోడలకు నీడ లేదు. అనంతపురం జిల్లాలో అది ఎవరికీ వింతగా అనిపించలేదు.

మూడింటికి మ్యాచ్ మొదలైంది. ఎనిమిది మంది ఆడేవాళ్లు, చూడటానికి ఊరు. వేడి ఎనభై రెండు, ఎనభై నాలుగు, ఎనభై ఐదు. నేను ఆట చూడలేదు. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు అంకెలు చూస్తూ తిరిగాను, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లాగా. మొదటి ఆట కాలేజీవాళ్లది, రెండోది మనవాళ్లది. మూడో ఆట మధ్యలో ఐదో నంబరు మిషన్ మీద ఒక పచ్చ గడి కనపడింది. తర్వాత రెండు. అది తాడిపత్రి పిల్లల్లో బాగా ఆడేవాడిది. అన్న నన్ను చూశాడు. నేను టేబుల్ ఫ్యాన్‌ను చూశాను. అది తన శక్తికొద్దీ తిరుగుతోంది.

అక్క ఎవరినీ చూడలేదు. మూల పడి ఉన్న కార్డు పెట్టె తీసి, మూత చింపి, ఐదో నంబరు పక్కన గొంతుక్కూర్చుని విసరడం మొదలుపెట్టింది. పెట్టె మీద కత్తి ఎత్తిన ఆడమనిషి గాల్లో పైకీ కిందికీ ఊగింది. కొన్నందుకు ఆ బొమ్మ చేసిన మొదటి ఉపకారం అది. గడులు ఒకటొకటిగా మాయమయ్యాయి. అక్క పదహైదు నిమిషాలు చెయ్యి మార్చుకుంటూ విసిరింది.

ఆట కాలేజీవాళ్లే గెలిచారు. అన్నకు ఎవరు గెలిచారో తెలియక ఇద్దరికీ చప్పట్లు కొట్టాడు. కాలేజీ పిల్లల నాయకుడు లేచి చెమట తుడుచుకుంటూ, మిషన్లు బాగున్నాయన్నా, వచ్చే ఆదివారం ఇంకో టీమును కూడా తెస్తాం అన్నాడు. అన్న తల ఊపాడు. దగ్గు వస్తుందని భయపడి మాట్లాడలేదనుకుంటాను.

నేను ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, సోమవారం పొద్దున మూడు మిషన్లకు గాలిదారి సర్దుతున్నాను. తొమ్మిదింటికి మేస్త్రీ వచ్చాడు. గది మధ్యలో నిలబడి, చీర ముక్కలు కట్టుకున్న కంప్యూటర్లను ఒక్కొక్కటే చూశాడు. ఇవి మా కూలోళ్ల మాదిరే ఉండాయే అన్నాడు. అన్న చేతులు తుడుచుకుని ఎదురుగా వచ్చాడు. పొద్దుటి నుంచి లోలోపల చదువుకున్న మాట కాబోలు, ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"మేస్త్రీ, నేనింక రాను. నా జాగా ఎవరికన్నా ఇచ్చేయన్నా."

మేస్త్రీ వింతగా చూశాడు.

"ఇచ్చేస్తి గదప్పా. మొన్న శనివారం సాయంత్రమే నీ పెండ్లాం వచ్చి చెప్పిపాయె, ఆయప్ప ఇంక రాడు, వేరేవాణ్ణి చూసుకోమని. పామిడి ఊరోన్ని ఒకన్ని పెట్టుకుంటి. ఈపొద్దే చేరినాడు."

శనివారం సాయంత్రం. అప్పటికి ఐదు మిషన్లు చచ్చిపోయి ఉన్నాయి. ఎందుకు చచ్చాయో ఎవరికీ తెలియదు, నేను ఇంకా బస్సు కూడా ఎక్కలేదు. అక్క కిటికీ దగ్గర చీర ముక్క విప్పి పొడి దులుపుతోంది. అన్న ఆమె వైపు తిరిగాడు.

"అప్పటికి ఐదు మిషన్లు నిలబడిపోయిండె గదమే" అన్నాడు.

"నిలబడిపోయినాయని పోయి చెప్తి" అంది అక్క, గుడ్డను ఇంకోసారి విదిలించి. "ఆడ జాగా ఉంటే నువ్వు పోతావు."

అన్న వెళ్లి ఆ గుడ్డ రెండో కొస పట్టుకున్నాడు. నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి నేను జోకు వేయలేదు. స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని, బస్సుకు టైమైందని అబద్ధం చెప్పి బయటపడ్డాను.